వాపసక్క నాలుగో గడి

కార్గో షెడ్డులో ఆఖరి మూల, ఇనుప జాలీ బిగించిన గది ఒకటుంది. విమానంలో వచ్చి, చేరవలసిన చోటికి చేరని పెట్టెలన్నీ చివరికి అక్కడికే వస్తాయి. అడ్రసు దొరకనివి, తీసుకోవలసినవాళ్ళు వద్దన్నవి, అసలెవరూ అడగనివి. ఒకసారి ఆరు వందల గొడుగు పిడులు వచ్చాయి, గొడుగులు మాత్రం ఎప్పటికీ రాలేదు. ఆ గదిలో పందొమ్మిదేళ్ళుగా ఒకే మనిషి కూర్చుంటోంది కాబట్టి షెడ్డంతా ఆమెను వాపసక్క అంటుంది. మొదట ఎవరో వేళాకోళానికి అన్న మాట. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు అదే ఆమె పేరనుకుంటారు. ఆమె కూడా దిద్దడం మానేసింది.

పెట్టె వచ్చిన రోజు నుంచి ముప్పై రోజులు గడువు. ఆ లోపల ఇక్కడి మనిషి ఆచూకీ తేలకపోతే, పంపినవాళ్ళు ఏం చెయ్యమంటే అది చేస్తారు. వెనక్కి అంటే వెనక్కి, మాకొద్దు అంటే ధ్వంసం. అంతకుముందు నియమం ప్రకారం ఒక ఉత్తరం, ఒక మెసేజీ, మూడు ఫోన్లు.

ఆ ఫోన్ల కోసం వాపసక్క ఒక పొడుగాటి నోటుపుస్తకం పెట్టుకుంది. పెట్టెకో వరస, వరసకి మూడు గడులు. పదకొండు, రెండున్నర, అయిదున్నర. వీటిని మర్యాద వేళలు అంటారని ఆ కుర్చీలో తనకు ముందు కూర్చున్న పెద్దాయన నేర్పాడు. పొద్దున్నే చేస్తే ఎవరి హడావిడిలో వాళ్ళుంటారు, భోజనాల వేళ చేయకూడదు, చీకటి పడ్డాక ఆఫీసు నంబరు చూస్తే మనుషులు హడలిపోతారు. పక్క సెక్షన్లలో మూడు ఫోన్లూ అయిదు నిమిషాల్లో కానిచ్చి చేతులు దులుపుకుంటారు. ఆమె మాత్రం మూడు వేరు వేరు రోజుల్లో, మూడు వేళల్లో చేస్తుంది. మూడుసార్లూ మోగి మోగి ఆగిపోతేనే సంతకం. ఆ సంతకం తప్పని ఇంతవరకు ఏ ఫైలూ తిరిగి రాలేదు. చెప్పుకోవడానికి ఆమెకున్న గొప్ప అదొక్కటే. అదీ ఎవరికీ చెప్పుకోలేదు.

ఒక మంగళవారం చివరి సంతకానికి వచ్చిన ఫైల్లో కిలో నాలుగు వందల గ్రాముల చిన్న పెట్టె ఉంది. ఉత్తరం వెనక్కి వచ్చింది, ఇల్లు ఖాళీ చేశారట. మూడు గడుల్లోనూ ఆమె చేతిరాతతోనే ‘తీయలేదు’ అని ఉంది. పంపిన కంపెనీ దగ్గరా అదే పాత అడ్రసు, అదే ఫోన్ నంబరు. వెనక్కి పంపెయ్యండని వాళ్ళు రాసేశారు. గురువారం మధ్యాహ్నం ఒంటిగంట విమానానికి పెట్టె వెళ్ళిపోవాలి.

సంతకం పెట్టేముందు సామాను వివరాల కాగితం ఒకసారి చదవడం ఆమెకు అలవాటు. ‘పసిపిల్లల పాదాలు సరిచేసే బూట్లు, రెంటినీ కలిపే కడ్డీతో సహా, ఒక జత. పాదం కొలత: కుడి ఎనభై ఆరు మిల్లీమీటర్లు, ఎడమ ఎనభై నాలుగు.’

ఆ రెండు మిల్లీమీటర్ల తేడా దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. బజారులో దొరికే బూటు కాదన్నమాట. ఎవరో కూర్చుని ఏ పాదానికి ఆ పాదం కొలిచారు. ఆమె ఆ అంకెలు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని ప్రథమ చికిత్స గదిలో ఉండే నర్సు దగ్గరికి వెళ్ళింది.

నర్సు విడమరిచి చెప్పింది. కొందరు పిల్లలు పాదాలు లోపలికి తిరిగి పుడతారు. వారం వారం ప్లాస్టరు పట్టీ మార్చి, కొంచెం కొంచెంగా తిప్పుతూ తిన్నగా తెస్తారు. ఆఖరి పట్టీ విప్పిన రోజే ఈ బూట్లు తొడగాలి. రోజులో ఇరవై మూడు గంటలు ఉంచాలి. మధ్యలో వదిలేస్తే పాదం మళ్ళీ మొదటికొస్తుంది.

“వెనక్కి వెళ్తే మళ్ళీ చేయించుకోలేరా?” అని వాపసక్క అడిగింది.

“చేయించుకోవచ్చు. కానీ మళ్ళీ నెలా రెండు నెలలు. ఆ పిల్ల పాదం మన ఫైలు కోసం ఆగదు కదక్కా.”

వాపసక్క గదిలోకి వచ్చి మర్యాద వేళలన్నీ మళ్ళీ తిరగేసింది. ఆ రోజు రెండున్నరకి చేసింది, అయిదున్నరకి చేసింది. బుధవారం పదకొండుకి చేసింది. మోగుతోంది, ఎవరూ తీయడం లేదు. నంబరు పనిచేయకపోతే ఆశ వదులుకోవచ్చు. మోగుతున్న నంబరుతోనే ఆమెకు నరకం.

సూపర్వైజరు కుర్రవాడేమీ కాదు గాని ఆమెకన్నా పదేళ్ళు చిన్న. జాలీలోంచి తొంగి చూసి, సంతకం పెట్టెయ్యమన్నాడు. పెట్టె సామాను పేర్చే ప్యాలెట్ పలక మీదికి ఎక్కాలి, వల బిగించాలి, ఒక్క పెట్టె కోసం విమానం ఆగదు.

“మూడు చెయ్యాలి, ఆరు చేశారు. ఇంకేం చేస్తారక్కా, కలలోకి వెళ్ళి చెప్తారా?”

ఆమె సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం బస్సు దిగి, మూడంతస్తులు ఎక్కి, తన ఒంటి గది తాళం తీసింది. లోపల పొద్దున ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. కదిపేవాళ్ళెవరూ లేరు. పెళ్ళి మాట వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డుపడుతూ వచ్చి, తరవాత ఆ మాట రావడమే మానేసింది. ఆ గదిలో ఆమె ఒంటరిగా లేనిది ఒక్క నాలుగేళ్ళే. తమ్ముడి భార్యకు పురిట్లోనే జబ్బు చేస్తే, రెండు నెలల మేనకోడల్ని ఆమె తెచ్చుకుంది. పగలు కింద ఇంటి ముసలమ్మ చూసేది, మిగతాదంతా ఈమె. మరదలు తేరుకున్నాక, తమ్ముడికి బదిలీ అయ్యాక, పిల్ల తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళవలసిందే. అందులో ఎవరి తప్పూ లేదు. ఇప్పుడు ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు. ఫోన్ చేస్తే, బాగున్నావా అత్తా అని అడిగి, అమ్మకిస్తున్నానంటుంది.

అన్నం తిని ఫోన్ కోసం వెతికింది. అల్మారాలో, మడతపెట్టిన తువాలు కింద ఉంది. తమ్ముడి నుంచి రెండు మిస్డ్ కాల్స్. మిగతావన్నీ మెసేజీలు. ‘మీ పార్సెల్ ఆగిపోయింది, ఈ లింకు నొక్కండి’ అని ఒకటి. ఇలాంటివి రోజూ వస్తుంటాయి, ఆమె రోజూ చెరిపేస్తుంటుంది. వేలు దాని మీదికి వెళ్ళి ఆగిపోయింది. తమ ఆఫీసు పంపే మెసేజీ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. పార్సెళ్ళ మధ్యనే బతికే తనే నమ్మనిది, ఊళ్ళోవాళ్ళు ఎందుకు నమ్ముతారు?

ఆమె ఫోన్ వంక చూస్తూ నిలబడిపోయింది. అది ఎప్పుడూ మోగదు. మీకు ఫోన్ చేసేకంటే ఉత్తరం రాయడం నయమని సూపర్వైజరు దెప్పుతుంటాడు. ఎందుకు మోగదు? పద్నాలుగేళ్ళ కింద ఒక రోజు దాని నోరు నొక్కి తువాలు కింద పెట్టింది, పిల్ల నిద్ర లేస్తుందని. పిల్ల వెళ్ళిపోయినా ఆ అలవాటు వెళ్ళలేదు.

సెలవు రోజుల్లో తను ఇంట్లో ఉన్నప్పుడు పిల్ల ఎప్పుడెప్పుడు పడుకునేది?

నూనె రాసి, నీళ్ళు పోశాక, పదకొండుకి. మళ్ళీ రెండింటికి పడుకుంటే మూడున్నర దాకా. సాయంత్రం అయిదు దాటాక ఒక కునుకు. వాపసక్క వేళ్ళ మీద లెక్క పెట్టింది. పదకొండు, రెండున్నర, అయిదున్నర. పెద్దవాళ్ళకు మర్యాదగా ఉండే వేళలన్నీ పసిపిల్లలు నిద్రపోయే వేళలు. ఆ తల్లి ఫోన్ కూడా ఏ తువాలు కిందో ఉండి ఉంటుంది. తరవాత చూసుకుని తిరిగి చేసినా ఆఫీసు నంబరు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ తిప్పి తిప్పి వదిలిపెడుతుంది. పందొమ్మిదేళ్ళలో ఎంతమంది తల్లులకు ఇలా మర్యాద చేసిందో.

అప్పటికి ఎనిమిది కావస్తోంది. ఆరుసార్లు నొక్కిన నంబరు నోటికి వచ్చేసింది. తన ఫోన్‌తోనే చేసింది. తీయలేదు. పడుకోబెట్టే వేళ మరి. ఇంకో వేళ ఒకటుంది. ఎండైనా వానైనా మేనకోడలు ఆరుకి పావుగంట ముందే కళ్ళు తెరిచేది. ఆ వేళ ఫోన్ దాచవలసిన పని లేదు.

తెల్లవారి సరిగ్గా ఆరు గంటలకు, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి, వాపసక్క ముక్కూ మొహం తెలియని మనిషికి అంత పొద్దున్నే, అమర్యాద వేళలో ఫోన్ చేసింది. మొదటి రింగుకే తీశారు. వెనకాల పసిపిల్ల ఏదో కబుర్లాడుతోంది. ఈమె కార్గో షెడ్డు అనగానే అవతలి మనిషి అడ్డుపడింది.

“చూడండి, నేను ఏ లింకూ నొక్కను. ఏ నంబరూ చెప్పను. పెట్టేస్తున్నా.”

“ఏమీ చెప్పొద్దమ్మా, నేనే చెప్తాను. కుడి పాదం ఎనభై ఆరు మిల్లీమీటర్లు. ఎడమది ఎనభై నాలుగు.”

అవతల పిల్లని ఎత్తుకున్నట్టున్నారు. కబుర్లు ఫోన్‌కి దగ్గరయ్యాయి.

“నేనే కొలిచాను,” అందా గొంతు. “మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఎడమది తక్కువే వచ్చింది. కంపెనీ వాళ్ళకి మెయిలు మీద మెయిలు పెడుతున్నాను, పంపేశాం, పంపేశాం అంటారు. డాక్టరుగారు పట్టీ విప్పకుండా ఒక వారం సాగదీశారు. రేపు విప్పెయ్యాలి, ఇంక కుదరదన్నారు.”

“పది లోపల రాగలరా?”

“ఇప్పుడే బయల్దేరతాను.”

అప్పటికి పెట్టె ప్యాలెట్ మీద, మిగతా సామాను కింద, వల బిగించి ఉంది. పైన వాపసు చీటీ అంటించారు. విప్పాలని వాపసక్క చెప్పేసరికి సూపర్వైజరు తల పట్టుకున్నాడు. ఆమె అడగడం అదే మొదలు కాబట్టి అరవలేదు గాని, ఫైలు చూపించాడు. అందుకోవలసిన మనిషి దొరకలేదని ఆమె సంతకాలు ఉన్నాయి. అవి ఉండగా పెట్టె ఇవ్వడం కుదరదు. ఇవ్వాలంటే విచారణలో పొరపాటు జరిగిందని ఆమే రాసివ్వాలి. అది ఆమె సర్వీసు ఫైల్లోకి వెళ్తుంది.

“బాగా ఆలోచించుకోండక్కా. పందొమ్మిదేళ్ళు మచ్చ లేదు మీకు.”

“కాగితమివ్వు.”

ఆమె నిలబడే రాసింది. ఫోన్లు చేసిన వేళలు సరైనవి కావు, ఆ పొరపాటు నాది అని రెండు వాక్యాలు. సూపర్వైజరు ఆ కాగితం చదివి ఫోర్క్‌లిఫ్టు వైపు చెయ్యి ఊపాడు. ఫోర్క్‌లిఫ్టు నడిపే బాబాయి వల విప్పుతూ గొణిగాడు.

“రెండు వందల కిలోలు దింపి కిలోన్నర తియ్యాలా? నీ ఇల్లు బంగారం కాను అమ్మాయ్, నా నడుము సంగతి ఎవరికి రాసివ్వాలి?”

గొణుగుతూనే పావుగంటలో తీసిచ్చాడు.

తొమ్మిదింబావుకి తల్లి వచ్చింది. ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంది, చూసుకోలేదు. గుండెలకి కట్టుకున్న సంచిలోంచి రెండు తెల్లటి పట్టీ కాళ్ళు కర్రల్లా బయటికి చాచుకుని ఉన్నాయి. కాగితాల మీద సంతకాలు పెట్టాలి, పిల్లని ఎక్కడ దించాలో తెలియక అటూ ఇటూ చూసింది. చుట్టూ ఇనుప అరలు, పెట్టెలు, దుమ్ము. వాపసక్క చేతులు చాచింది.

రోజుకి నలభై పెట్టెలు ఎత్తి దించే చేతులవి, కాటా అక్కర్లేదు. అయిదు కిలోల ఏడు వందలు. పట్టీలు తీసేస్తే అయిదు. పిల్ల ఆమె మెళ్ళో వేలాడే గుర్తింపు కార్డు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. వాపసక్క తీయలేదు. తల్లి గబగబా తొమ్మిది సంతకాలు పెట్టింది. ఇంకో తొమ్మిది ఉన్నా బాగుండేదని వాపసక్కకి అనిపించింది.

“మీ ఫోన్లన్నీ చూశానండీ. ఇది పడుకుంటే ఫోన్ చప్పుడు ఆపేస్తాను. తిరిగి చేస్తే ఎవరూ పలికేవాళ్ళు కాదు.”

“నాకు ముందే తట్టాల్సింది,” అంది వాపసక్క.

పిల్లని తిరిగి ఇచ్చేసింది. తల్లి పెట్టెని చంకలో ఇరికించుకుని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“సరిపోయాయో లేదో రేపు మీకు మెసేజీ పెడతాను ఆంటీ. పట్టీ మార్చేటప్పుడు కొలిచి ఆరు వారాలు దాటింది, పాదం పెరిగిందేమోనని ఒకటే భయం.”

ఆ రోజే వాపసక్క ఫోన్‌కి గొంతు తెప్పించింది. ఎలా తెప్పించాలో మర్చిపోతే నర్సు చూపించింది. శుక్రవారం అది నాలుగుసార్లు మోగింది. రెండు తమ్ముడివి. మోగగానే తీసేసరికి అతనే కంగారుపడి, ఒంట్లో బాగుందా అక్కా అని అడిగాడు. మిగతా రెండు ఎవరో ఏదో అమ్మేవాళ్ళవి. శనివారం మెసేజీ రాలేదు. ఆదివారం రాలేదు. పసిపిల్లల ఇంట్లో రేపు అన్న మాటకు ఎంత దూరమో ఆమెకు తెలుసు. తనే ఫోన్ చేద్దామా అనుకుని, అది ఆఫీసు పని కాదు కదా అని ఊరుకుంది.

సరిపోకపోతే వాళ్ళు బూట్లు ఆ కంపెనీకే తిరిగి పంపాలి. పంపితే ఈ షెడ్డు మీదుగానే వెళ్ళాలి. అందుకని రోజూ పొద్దున్న రాగానే బయటికి వెళ్ళే సామాను జాబితాలో ఆ కంపెనీ పేరు వెతికేది. మొదటి వారం లేదు. రెండో వారం లేదు. మూడో వారం కూడా చూసి, లేదని తేలాక, జాబితా మూసి కాసేపు చెయ్యి దాని మీదే ఉంచింది. ఆ గదిలో మంచి వార్త ఎప్పుడూ అలాగే వస్తుంది, ఏమీ రాకుండా.

తరవాత నోటుపుస్తకం తీసి, స్కేలు పెట్టి, ప్రతి వరసకీ నాలుగో గడి గీసింది. పైన ‘ఉదయం ఆరు’ అని రాసింది. ఆ గడిలోకి రావలసిన నంబర్లు ఆ రోజుకి ఏడున్నాయి. వాటిని చిన్న కాగితం మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

మర్నాడు ఆరింటికి మొదటి నంబరు నొక్కింది. ఎవరో ముసలాయన తీసి, ఇంత పొద్దున్నే ఏమిటమ్మా అని విసుక్కున్నాడు.

“క్షమించండి. నిద్ర లేపానా?”

“లేదులే. నాలుగింటికే లేస్తాను. మాట్లాడేవాళ్ళెవరూ ఉండరు,” అన్నాడాయన. “ఇంతకీ ఏమిటో చెప్పు.”

వాపసక్క కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుని, పెట్టె సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.