తిరగలి లాంటి రాయి

మా ఆయన పోయాక ఆక్లాండులో, మౌంట్ రాస్కిల్ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఒకసారి స్నానాల గదిలో కాలు జారింది. ఆ సంగతి ఊరుకోలేక కూతురితో అనేశాను. అప్పట్నుంచి ఒకటే గొడవ, తనుండే టౌరంగా ఊరికి వచ్చెయ్యమని. దాని ఇల్లు పెద్దదే, అల్లుడూ మంచివాడే. కానీ ఆయన ఊపిరి వదిలింది ఈ ఇంట్లో. తాళాలు ఎవరి చేతిలోనో పెట్టేసి ఎలా పోను?

ఒక శనివారం కూతురి ఆఫీసువాళ్ళు ఆక్లాండులో మంచు హాలు ఒక పూటకి తీసుకున్నారు. కర్లింగ్ అనే ఆటట. ఇంట్లోవాళ్ళు కూడా రావచ్చట.

"నువ్వు కూర్చుని చూడు చాలు, మంచు మీదకి దిగకు" అంది కూతురు.

"ఏం, ఎందుకు దిగకూడదు?"

"పడతావు గనక."

"పడకపోతే టౌరంగా మాట ఎత్తవు కదా?"

నవ్వింది. "సరే తల్లీ, ఎత్తను. పడితే మాత్రం సామాను ప్యాక్ చెయ్యాల్సిందే."

అది సరదాకే అందేమో. నేను సరదాకి అడగలేదు.

ఆట పెద్ద కష్టమేం కాదు. ఒకరు రాయిని మంచు మీద తోస్తారు. పక్కవాళ్ళు దాని ముందు చీపురు లాంటి బ్రష్షుతో మంచును రుద్దుకుంటూ పోతారు. రుద్దితే రాయి ఇంకాస్త దూరం జారుతుంది. ఆ రాయి గుండ్రంగా, బరువుగా, పైన పిడితో, అచ్చం మా అమ్మ తిరగలి పై రాయిలా ఉంది. తిరగలికి కాలు తగిలితే మా ఇంట్లో దండం పెట్టుకోకుండా కదిలేవాళ్ళం కాదు.

నాకు బ్రష్షు ఇచ్చారు. జారకుండా బూట్లకి రబ్బరు తొడుగులు వేశారు. పాదం పాదం చూసుకుంటూ రుద్దాను. పడలేదు. ఆట నేర్పే ఈ దేశపు ఆవిడ "గుడ్, గుడ్" అంటుంటే, కూతురు విందో లేదో అని తిరిగి చూశాను.

తర్వాత కూతురే రాయి తోసింది. "స్వీప్, స్వీప్" అని ఆవిడ అరుస్తోంది. నేను గబగబా రుద్దుతున్నాను. రాయి వచ్చి నా పాదానికి రాసుకుంది. అంతే, ఆలోచన లేదు, వంగిపోయాను. వేళ్ళతో రాయిని తాకి కళ్ళకద్దుకునేలోపే రెండు కాళ్ళూ ముందుకి పోయాయి. తుంటి మీద పడ్డాను.

ముగ్గురు పట్టుకుని లేపారు. ఎముక విరగలేదు. కాలు తగిలిన రాయి లెక్కలోకి రాదని దాన్ని పక్కకి తోసేశారు.

కారెక్కాక కూతురు అడిగింది. "ఎందుకు వంగావమ్మా?"

"కాలు తగిలింది."

"రాయికి దండం పెట్టావా?" నవ్వబోయి ఆగిపోయింది.

"చూశావుగా. కాళ్ళలో సత్తువ లేక పడలేదు. వంగబట్టి పడ్డాను. అది లెక్క కాదు."

"ఎందుకు పడ్డావని కాదమ్మా నా బాధ. ఇక్కడ ముగ్గురు లేపారు. ఇంట్లో ఎవరున్నారు?"

"మీ నాన్న సంవత్సరీకం ఆ ఇంట్లోనే పెట్టి వస్తాను. అందాకా ఆగు" అన్నాను.

కూతురు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "అందాకా నేనొచ్చి నీ దగ్గర పడుకుంటాలే" అంది.

టౌరంగా వస్తానన్నానని అప్పటికి గానీ నాకు తెలియలేదు.