నాచారంలో రోడ్డు దాటిన రోజు

ఈ బ్లాగు చదివేవాళ్ళకు నేను అరకు, హంపి, సోమశిల లాంటి చోట్లకు వెళ్ళొచ్చి రాస్తానని తెలుసు. ఈసారి రాస్తున్నది ఉప్పల్ నుంచి నాచారం దాకా చేసిన ప్రయాణం. గట్టిగా ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది. దీనికి కారణం మా సలోమి వదిన. మా అన్న దేవదానాన్ని పెళ్ళి చేసుకుని జనగామ దగ్గరి పల్లె నుంచి ఉప్పల్ వచ్చినప్పటి నుంచీ ఆమె నాచారంలోని ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తోంది. కంపెనీ గేటు ఎదురుగా డివైడర్‌లో ఒకప్పుడు సందు ఉండేది. బండ్లు వేగంగా పోవాలని దాన్ని సిమెంటు దిమ్మెలతో మూసేశారు. బస్సు దిగేది ఒక వైపు, కంపెనీ ఉండేది మరో వైపు. మధ్యలో నడుము ఎత్తు గోడ. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆ గోడ ఎక్కి దిగడం అలవాటు చేసుకున్నారు. వానాకాలంలో ఒక పొద్దున వదిన కాలు జారి అవతలి వైపు పడింది. మణికట్టు విరిగింది. వెనక వస్తున్న టిప్పర్ డ్రైవరు బ్రేకు తొక్కాడు కాబట్టి మణికట్టుతో పోయింది.

కట్టు విప్పాక ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. పని మానెయ్యమన్నాడు అన్న. లేదంటే రోజూ తనే బండి మీద దింపుతానన్నాడు. అన్న లిఫ్టుల మెకానిక్కు. ఏ పొద్దు ఏ అపార్ట్‌మెంట్ నుంచి ఫోను వస్తుందో అతనికే తెలియదు. వదిన అన్నం కలుపుతూ అంతా విని, "నువ్వు దింపుతవ్ సరే, నాతోటోళ్ళను ఎవరు దింపుతరు? నేను ఆన్నే దిగుత, ఆన్నే దాటుత" అంది. మరునాడు సెలవు పెట్టి ఆమెతో నేను వెళ్తానన్నాను. ఆమెకు కాపలాగా వెళ్తున్నానని అప్పుడు నేననుకున్నాను.

ఉదయం ఏడు గంటలకు ఇంటి నుంచి బయలుదేరాం. వదిన రోజూ రెండు బస్సులు మారుతుంది. ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కనుక చేతిలో ఆధార్ కార్డు ఉంటే చాలు. కానీ ఆ వేళకు బస్సులో చెయ్యి పెట్టే సందు కూడా ఉండదు. విరిగి అతికిన చేతితో వేలాడటం వద్దని ఆ రోజు నేను మెట్రో ఎక్కించాను. ఉప్పల్ చౌరస్తాలో నడిచేవాళ్ళ కోసం ఆకాశవంతెన ఉంది. లిఫ్టులు పనిచేస్తాయి, పైన గాలి ఆడుతుంది, కింద నాలుగు దిక్కుల ట్రాఫిక్ బొమ్మల కొలువులా కనిపిస్తుంది. వరంగల్ వైపు చూస్తే ఏళ్ళ తరబడి కడుతున్న పైవంతెన స్తంభాలు, వాటి కింద దుమ్ము. వదిన రెయిలింగ్ పట్టుకుని కాసేపు ఆగింది. "గిట్లాంటిది మా దగ్గర ఒక్కటి పెడ్తే ఏం పోయేది" అంది. మెట్రో హబ్సిగూడ చేరడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. స్టేషన్ కింద కోచింగ్ పిల్లలు సంచులేసుకుని ఇడ్లీ బండ్ల చుట్టూ మూగారు. అక్కడి నుంచి నాచారానికి షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై రూపాయలు.

ఆటో నడిపిన యాదగిరి వదిన చేతికున్న క్రేప్ బ్యాండేజీ చూసి ఏమైందని అడిగాడు. చెప్పగానే అతనికి గుర్తొచ్చింది. ఆ గోడ మీద ఇప్పుడు ఇనుప గ్రిల్ కూడా పెట్టారని, ఎక్కడానికి లేదని చెప్పాడు. మాకిద్దరికీ ఆ సంగతి అప్పుడే తెలిసింది. యూటర్న్ దాకా పోయి మలిపి గేటు ముందే దింపుతాను, ఇంకో ఇరవై ఇస్తే చాలన్నాడు. నేను పర్సు తీశాను. వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఎప్పుడూ దిగే చోటే ఆపమంది.

దిగి చూస్తే అతను చెప్పింది నిజమే. గోడ మీద మనిషెత్తు గ్రిల్, దానికి కొత్త పచ్చరంగు. దాని వెనక, పిలిస్తే పలికేంత దూరంలో కంపెనీ గేటు. మా ముందు బస్సు దిగిన ఆడవాళ్ళు అప్పటికే వరుసగా యూటర్న్ వైపు నడుస్తున్నారు. ఆ నడక ఎలాంటిదో చెప్పాలి. ఫుట్‌పాత్ లేదు. మురుగు మోరీ మీద బండలు సగం విరిగాయి. విరగని చోట లారీలు నిలబెట్టారు. లారీ అడ్డొచ్చినప్పుడల్లా తారు రోడ్డు మీదికి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. వెనక నుంచి బస్సు హారన్ కొడితే లారీకి అతుక్కుని నిలబడాలి. నేను కొండలెక్కిన మనిషిని. ఆ అర కిలోమీటరులో భయపడ్డంతగా ఏ కొండ మీదా భయపడలేదు.

యూటర్న్ దగ్గర ఒక బోర్డు ఉంది. పాదచారులకు ప్రవేశం లేదని. ఆడవాళ్ళు అక్కడ ఆగి, బండ్ల మధ్య సందు కోసం చూస్తూ, దొరికినప్పుడు ఒక్కొక్కరే పరిగెత్తుతున్నారు. కొందరి చేతిలో టిఫిన్ బాక్సులు, ఒకామె నిండు గర్భిణి. ఆమె రెండుసార్లు అడుగు ముందుకేసి వెనక్కి వచ్చింది. సలోమి వదిన ఆమెను చూసింది. కొంగు నడుముకు చుట్టి, బ్యాండేజీ ఉన్న చెయ్యి పైకెత్తి రోడ్డు మీదికి నడిచింది. నేను "వదినా" అని పిలిచేలోపు ఆమె నడి రోడ్డు మీద ఉంది. ఒక కారు కీచుమని ఆగింది. దాని వెనక మోటార్‌సైకిళ్ళు, వాటి వెనక కంపెనీ బస్సు. ఆమె తలతిప్పి మా వైపు చూసి, "రాండ్రి. ఉరకకున్రి. ఉరికితే తప్పు మనదే అనుకుంటరు" అంది.

మేమంతా కదిలాం. సగం దాటేలోపు ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు, చెమటతో చొక్కా తడిసిపోయింది. ఇది బండ్లు మలిపే జాగా అని, నడిచేవాళ్ళకు కాదని చెప్పాడు.

"మరి నడిసేటోళ్ళ జాగ ఏడుందన్నా? సూపియ్యి, గాన్నుంచే పోతం" అంది వదిన.

అతను అటూ ఇటూ చూశాడు. అటు గ్రిల్, ఇటు గ్రిల్. బండ్లు ఆగకుండా చూడమని తనకు డ్యూటీ వేశారని, ఆగితే తనను అడుగుతారని మెల్లగా అన్నాడు. హారన్లు మోగుతూనే ఉన్నాయి.

"నిన్ను అడిగితే మమ్ముల సూపియ్యి. నడిసినందుకు చలానా ఉంటే నా పేరు మీద రాయిమను. సలోమి అంటరు నన్ను."

 ఆ కుర్రాడు రెండో వైపుకు వెళ్ళి, ఎదురుగా వచ్చే బండ్లకు చెయ్యి అడ్డం పెట్టాడు. గర్భిణి ముందు, మేం వెనక, మామూలు నడకతో దాటాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గేటు దగ్గర సూపర్‌వైజరు ఆలస్యానికి విసుక్కున్నాడట, అందరూ కలిసే వచ్చారని చూసి ఊరుకున్నాడట.

వదిన లోపలికి పోయాక నేను ఆ రోడ్డు పనులు చూసే ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని వెళ్ళాను. అక్కడి ఇంజినీరు చెడ్డమనిషేం కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పాదచారుల వంతెన ప్రతిపాదనలో ఉందని చెప్పాడు. గ్రిల్ ఎందుకు పెట్టారని అడిగితే, ఆ మధ్య ఒకామె గోడ దిగుతూ పడిందని, మళ్ళీ ఎవరూ పడకూడదని పెట్టామన్నాడు. పడినామె మా వదిన అని చెప్పాను. ఆయన చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టాడు. ఇప్పుడెలా ఉందని అడిగాడు. చెయ్యి అతుక్కుందని, రోడ్డే అతుక్కోలేదని చెప్పి లేచాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

మధ్యాహ్నం పారిశ్రామికవాడ సందులో లక్ష్మి అనే ఆమె నడిపే మెస్‌లో తిన్నాను. అన్నం, పప్పు, కోడిగుడ్డు పులుసు, పచ్చిపులుసు కలిపి ఎనభై రూపాయలు. పచ్చిపులుసు కోసమైనా మళ్ళీ పోవచ్చు. సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. డివైడర్‌లో సందు మూసినప్పటి నుంచి అవతలి ఇంజినీరింగ్ కంపెనీల వాళ్ళు రావడం తగ్గిందని, గ్రిల్ పెట్టాక మొత్తానికే మానేశారని ఆమె చెప్పింది. పొద్దున బండ్లు ఆపింది మీరేనా అని అడిగింది. మా వదిన అని చెప్పాను. "సాయంత్రం గూడ ఆపుతదా?" అంది. ఏమో, తెలియదన్నాను.

నిజానికి సాయంత్రం మాకు దాటే పనే లేదు. ఉప్పల్ వైపు పోయే బస్సు కంపెనీ గేటు వైపే ఆగుతుంది. అవతలికి దాటాల్సింది మల్లాపూర్, మౌలాలి వైపు పోయేవాళ్ళు. షిఫ్టు వదిలే వేళకు మా అన్న మోటార్‌సైకిల్ వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. పొద్దున జరిగింది ఎవరో ఫోనులో చెప్పినట్టున్నారు, ముఖం మాడ్చుకుని ఉన్నాడు. వదిన బయటికి రాగానే బండెక్కమన్నాడు. ఆమె ఎక్కలేదు. వీళ్ళను అవతలికి దాటించి వస్తానంది.

"నీకేం పని వాళ్ళతోని? మనం పోయేది గిటు" అన్నాడు అన్న.

"పొద్దున నేను దాటుతుంటె వాళ్ళు నా ఎంట రాలేదా?" అంది వదిన నెమ్మదిగా.

ఆమె గుంపుతో నడిచింది. నేనూ నడిచాను. యూటర్న్ దగ్గరికి చేరేసరికి పొద్దుటికంటే ఎక్కువ మందిమయ్యాం. ఇటు వైపు యూనిట్ల మగవాళ్ళు కొందరు కలిశారు. లక్ష్మి మెస్‌కు తాళం వేసి కూరగాయల సంచితో వచ్చింది. డ్యూటీలో అదే కుర్రాడు ఉన్నాడు. మమ్మల్ని చూసి దూరం నుంచే విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. వదిన చెయ్యి ఎత్తబోతుంటే పక్క నుంచి ఇంకో చెయ్యి లేచింది. మా అన్నది. బండి ఎక్కడో నిలబెట్టి మా వెనకే వచ్చాడు. ఒక కారతను కిటికీ దించి తిట్టాడు. అన్న అతనితో పెట్టుకోలేదు, చెయ్యి దించనూ లేదు. చివరి మనిషి దాటేదాకా భార్యాభర్తలిద్దరూ రోడ్డు మధ్యలో నిలబడ్డారు. తర్వాత ఆమెను బండి మీద ఎక్కించుకుని పోయాడు. నేను బస్సెక్కాను. సీటు దొరకలేదు కానీ ఆ రోజు ఆ లోటు తెలియలేదు.

ఇది జరిగి కొన్ని వారాలైంది. గ్రిల్ అలాగే ఉంది, బోర్డు అలాగే ఉంది, వంతెన ప్రతిపాదనలో అలాగే ఉంది. ఆ కుర్రాడి చోట వేరే కానిస్టేబుల్ వచ్చి మొదటి రోజు కేకలు వేశాడు, మూడో రోజు చెయ్యి అడ్డం పెట్టాడు. వదిన వాళ్ళు రెండు పూటలా దాటుతూనే ఉన్నారు. అభ్యర్థన రాసి సంతకాలు చేసి ఇచ్చారు కూడా. వంతెన వచ్చేదాకా ఓపిక పట్టమని ఎవరో సలహా ఇస్తే, "వచ్చిననాడు ఎక్కుతం. అప్పటిదాంక దాటుతం" అందట వదిన. ఈ నగరం పెరుగుతోందని అందరూ అంటారు. స్తంభాలు పెరిగాయి, పైన రైళ్ళు పెరిగాయి, అది నిజమే. నేల మీద నడిచే మనిషికి మాత్రం తన ఊళ్ళోనే ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. ఆ బోర్డును నేను ఒప్పుకోను. మా వదిన చదివి కూడా ఒప్పుకోలేదు.

మీరెవరైనా ఆ వైపు వెళ్తే ఒక సూచన. హబ్సిగూడ మెట్రో దిగి షేర్ ఆటోలో రండి, షిఫ్టు వేళకు చేరేలా చూసుకోండి. యూటర్న్ దగ్గర ఒంటరిగా మాత్రం దాటకండి. గుంపు వచ్చేదాకా ఆగండి, ఎక్కువసేపు ఆగాల్సిన పని ఉండదు.