పై అంతస్తుకు పోయిన బీరతీగ

బతుకుదెరువుకు వచ్చిన గుజరాతీ పట్నంలో, పాండేసరలో మా గది మొదటి అంతస్తులో ఉంది. ఎదుటి బిల్డింగు చేయి చాస్తే అందేంత దగ్గర. అందుకే ఎండ మా కిటికీ దాకా దిగదు. పై అంతస్తు వాళ్ల కిటికీ జాలీ దగ్గరే ఆగిపోతుంది. ఆ ఏడు తొలకరి పడగానే మా అత్తమ్మ, సిరిసిల్ల నుంచి కొంగున కట్టుకొచ్చిన బీర గింజలను కిటికీ బయట పాత పెయింటు డబ్బాలో నాటింది.

తీగ సాగి, నులితీగలు వేసింది. పాకించడానికి మా ఆయన తను పనిచేసే, బట్ట నేసే సాంచాల కార్ఖానా నుంచి మెరిసే పాలిస్టర్ దారం తెచ్చి కట్టాడు. నులితీగ దాన్ని పట్టుకోబోయేది, గాలి వీస్తే జారిపోయేది. నేను పాత నూలు చీర అంచు చింపి కట్టాను. అన్నం వార్చి వచ్చి చూస్తే అప్పటికే ఒక చుట్టు చుట్టేసింది.

"కొడుకా, నీ దారం కంటే నా కోడలి చీరనే నయంరా!" అని అత్తమ్మ ఒకటే నవ్వు.

తగువు తర్వాత వచ్చింది. తీగ మా కిటికీ చుట్టూ అల్లుకోవాలని అత్తమ్మ కోరిక. పొద్దున్నే కొసను కిందికి వంచి ఊచలకు కట్టేది. మర్నాటికల్లా అది మెడ తిప్పి మళ్లీ పైకే చూసేది.

"ఏందే పిల్లా, గిది జర సుత నా మాట ఇంటలేదు!"

"ఎండ పైన ఉన్నది గద అత్తమ్మా. కాడ నీడ దిక్కున ఎక్కువ పెరిగి, కొస ఎల్తురు దిక్కు వంగుతదట. బడిల చదివిన."

"బడికి పోయింది నువ్వు. అది పోలే," అని మళ్లీ కట్టింది.

నాలుగు రోజులు చూసి, ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ముడి విప్పేశాను. వచ్చి చూసింది. మళ్లీ కట్టలేదు గానీ ఆ పూట నన్ను వడ్డించనీయక తనే పెట్టుకు తిన్నది.

కాయలన్నీ పై వాళ్ల జాలీకే కాశాయి. "నీళ్లు మనం పోసినం, కాయలు ఆళ్లకా?" అని అత్తమ్మ మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసేది. ఒక ఆదివారం పైనుండే గుజరాతీ ఆవిడ గిన్నెడు కూరతో, రెండు లేత కాయలతో దిగివచ్చింది. "మాసీ, ఆప్కా తూరియా!" అంటూ మా బీరకాయలే మాకు అందించింది.

అత్తమ్మ కూర రుచి చూసి, తల ఊపి, "పొట్టు ఏం జేసిందో అడుగు," అంది నాతో. అడిగాను. పారేసిందట.

"పారేసిందా!"

మోకాళ్ల నొప్పులని గుమ్మం దిగని మనిషి, ఆ రెండు కాయలూ పచ్చిమిరపకాయలూ నువ్వులూ పట్టుకుని పైకి ఎక్కింది. ఆవిడ వంటింట్లోనే పొట్టు వేయించి పచ్చడి నూరింది. ఆ కారానికి కళ్లనీళ్లు కారుతున్నా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. ఒకరికి తెలుగు రాదు, ఇంకొకరికి గుజరాతీ రాదు. అయినా ఆ సాయంత్రం అత్తమ్మను కిందికి తీసుకురావడానికి నేను మూడుసార్లు మెట్లెక్కాల్సి వచ్చింది.