చండ్రుగొండ మలుపులో ఆగిన బస్సు

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మడం లేదు. ఈ మాట ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఇది చదివి "పాపం, తండ్రి మంచాన పడ్డాక వీడి బుర్ర పాడైంది" అనేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. ఎవరెవరో కూడా నాకు తెలుసు.

మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. ఆదివారం చర్చికి పోతాం. తాయెత్తులు కట్టం, దిష్టి తీయం. నేనైతే ఇంకా మొండి. కళ్ళారా చూసిందైనా సరే, రెండోసారి జరిగితే తప్ప ఒప్పుకోను.

ఖమ్మంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. అక్కడే ఖానాపురం హవేలి అనే పేటలో ఉంటాం. మా వీధి కాలువ మీద మూతలు వేయించడానికి నేను పెట్టిన అర్జీలు ఇన్నీ అన్నీ కావు. మూతలు పడ్డాయి. నా పేరు ఒక్కరూ చెప్పలేదు. అది వేరే సంగతి, కానీ మరచిపోలేదు.

అసలు విషయం నా పాత డెస్క్‌టాప్‌తో మొదలైంది. నాకు అది బాగానే పనిచేసేది. ఒకరోజు తెర మీద సందేశం వచ్చింది: ఈ కంప్యూటరుకు కొత్త విండోస్ వేసుకునే అర్హత లేదట. రిపేరు షాపుకు మోసుకుపోతే, అతను మూత కూడా విప్పలేదు.

"అన్నా, దీన్ని పాత సామానోనికి ఎయ్యి. ఉల్లిగడ్డలన్న వస్తయ్" అన్నాడు.

పక్కన నిలబడ్డ ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు విన్నాకే నేను లినక్స్ వేశాను. లినక్స్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, అందరికీ ఊరికే ఇస్తారు. విండోస్ బదులు అదే వేసుకోవచ్చు. అర్హత లేదన్న ఆ కంప్యూటరే లేడిపిల్లలా లేచింది.

నా భార్య సుజాత తమ్ముడు కిరణ్ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అప్పుడు అతను అన్న మాట కూడా రాయాలి.

"బావా, లినక్స్ సర్వర్లకు పనికొస్తది గని గేములాడనికి కాదు. నువ్వు ఎడ్లబండికి ఏసీ పెట్టుకుంటున్నవ్."

ఇప్పుడు రోజులు మారాయి. విండోస్ కోసం చేసిన ఆటలు చాలావరకు లినక్స్ మీద నడుస్తున్నాయి. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ యంత్రాలు కూడా లినక్స్‌తోనే వస్తున్నాయి. ఆ వార్తలన్నీ కిరణ్ నాకే పంపుతున్నాడు, "చూసినవా బావా" అని. ఎడ్లబండి మాట అతనికి గుర్తులేదు. నాకు ఉంది.

నాన్న పేరు ప్రకాశం. మా సొంతూరు వేంసూరు. సత్తుపల్లి నుంచి చండ్రుగొండ, కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయే బస్సు నడిపి రిటైరయ్యాడు. తర్వాత పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కాలు కొంత కుదురుకుంది. మాట ఎప్పుడైనా ఒకటీ అరా వచ్చేది, అదీ ముద్దగా. కుడి చెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుపోయి ఒళ్ళో పడి ఉండేది.

ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మనం కదిలిస్తే లాభం లేదు సార్. అంకులే కదిలియ్యాలె. ఇప్పుడు కదిలిస్తేనే. ఆలస్యమైతే ఆ చెయ్యి గట్లనే ఉండిపోతది."

నాన్న కదిలించడు. రబ్బరు బంతి చేతిలో పెడితే, ఎడమ చేత్తో తీసి గుమ్మం అవతలికి విసిరేసేవాడు. అంత పెద్ద బస్సును తిప్పిన మనిషికి పసిపిల్లల బంతి ఇస్తే అవమానమే కదా. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది.

లినక్స్ మీద నడిచే బస్సు ఆట ఒకటుంది. అది కూడా అందరూ కలిసి చేసిందే. ఎవరి ఊరి దారిని వాళ్ళు అందులో చేర్చుకోవచ్చు. వాడిన గేమింగ్ స్టీరింగ్ ఒకటి సంపాదించాను. అది లినక్స్‌లో పనిచేయదని అమ్మినతను చేతులెత్తేశాడు. సెలవు పెట్టి కూర్చుని పనిచేయించాను. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే మ్యాపు తీసుకుని, సత్తుపల్లి నుంచి భద్రాచలం దారిని నేనే తయారుచేశాను. ఆ దారిలో ఏముందో నాకు తెలుసు: రోడ్డు, మైలురాళ్ళు, రెండు వైపులా ఒకే టేకుచెట్టును మళ్ళీ మళ్ళీ అతికించిన అడవి. వేరే బండ్లు లేవు, మనుషులు లేరు.

నాన్న కాళ్ళతో నొక్కలేడు కాబట్టి పెడల్స్ కలపలేదు. వేగానికీ బ్రేకుకీ ఎడమ చేతి వేళ్ళ కింద బటన్లు పెట్టాను. హారన్ ఒక్కటే కుడివైపు పెట్టాను. కావాలనే పెట్టాను. డ్రైవరన్నవాడు హారన్ కొట్టకుండా ఉండలేడు కదా, ఎప్పుడో ఒకప్పుడు ఆ చెయ్యి లేస్తుందని నా ఆశ.

మొదటిరోజు స్టీరింగ్ ముందు కూర్చోబెట్టగానే నాన్న వెన్ను నిటారైంది. అద్దం సర్దుకోబోయి, అద్దం లేదని నవ్వాడు. సత్తుపల్లి దాటాడు. చండ్రుగొండ దాటాడు. అడవిలోకి వెళ్ళాక ఎడమకు తిరిగే ఒక మలుపుంది. అక్కడ బస్సు ఆగిపోయింది.

ఇంజను నడుస్తూనే ఉంది. వేగం బటన్ నొక్కితే శబ్దం పెరుగుతోంది, బస్సు కదలడం లేదు. తెర మూలన బ్రేకు ఎంత పడిందో చూపించే గీత ఒకటుంటుంది. అది నిండా ఎర్రగా ఉంది. నాన్న వేలు బ్రేకు బటన్ మీద లేదు. నేను దగ్గరుండి చూశాను.

మర్నాడు అదే చోట ఆగింది. ఆ తర్వాత కూడా అంతే.

స్టీరింగ్ తీసేసి కీబోర్డుతో నేనే నడిపాను. అక్కడే ఆగింది. ఆటను తీసేసి మళ్ళీ ఎక్కించాను. ఆ మలుపును చెరిపి కొత్తగా గీశాను. అక్కడే ఎర్రగీత. భద్రాచలం నుంచి తిరుగు దారిలో వచ్చినా అంతే. అదే దారిలో వేరే మలుపుల్లో ఎక్కడా ఆ బాధ లేదు.

ఫిర్యాదు రాయడం నాకు బాగా వచ్చిన పని. ఆట తయారుచేసే వాళ్ళకు బొమ్మలతో, వీడియోతో సహా రాశాను. నా దారి ఫైలు కూడా జతచేశాను. ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒకాయన దాన్ని దించుకుని నడిపి, "మా దగ్గర బస్సు ఆగలేదు" అని ఒక్క ముక్క రాసి ఫిర్యాదు మూసేశాడు. తెరవమన్నాను. మళ్ళీ మూశాడు. నా స్టీరింగ్ చెడిపోయి ఉంటుందట. స్టీరింగ్ పీకేశాకే నడిపానని మొదటి పేరాలోనే రాశాను. చదవలేదు.

కిరణ్ వచ్చినప్పుడు అదే దారిని అతని లాప్‌టాప్‌లో వేశాం. మలుపు దగ్గర జారిపోయినట్టు దాటిపోయింది.

"ఎడ్లబండి అనను లే బావా" అన్నాడు.

అంటే మాట గుర్తుందన్నమాట.

నా చిరాకంతా ఆట గురించి కాదు. నాన్న కొద్దిరోజులకే కుర్చీ దగ్గరికి రావడం మానేస్తాడేమో, చివరికి బంతికి పట్టిన గతే దీనికీ పడుతుందేమోనని భయం. సుజాత మాత్రం ఒక మాట అంది.

"మామయ్య బస్సు ఆగిందని బాధపడతలేడు. ఎందుకాగిందో తెలిసినట్టే చూస్తుండు. మీరు తెరనే చూస్తరు, ఆయన దిక్కు చూడరు."

నేను ఆ మాట పట్టించుకోలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక నాన్న మళ్ళీ కూర్చున్నాడు. మలుపు వచ్చింది. బస్సు ఆగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇగ చాలు నాయినా. ఈ దారి తీసి పారేస్త. వేరే ఊరు రోడ్డు పెడ్త" అని వంగి మౌస్ అందుకున్నాను.

నాన్న ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకున్నాడు. గట్టిగా. గొంతులో ఏదో అన్నాడు, మాట కాలేదు. నా మొహం చూసి, తెర చూసి, తన ఒళ్ళోకి చూసుకున్నాడు.

కుడి చెయ్యి కదిలింది. ముందు భుజం లేచింది. తర్వాత మోచెయ్యి. పిడికిలి బల్ల అంచుకు తగిలి జారింది. సుజాత ఆసరా ఇవ్వబోతే నాన్న తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ లేపాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఆ బిగిసిన పిడికిలిని అలాగే తెచ్చి హారన్ బటన్ మీద వేసి, ఒరిగిపోయినట్టు నొక్కాడు.

హారన్ పొడుగ్గా మోగింది. ఎర్రగీత దిగిపోయింది. బస్సు కదిలింది.

"పోనియ్" అన్నాడు నాన్న. చాలా రోజుల తర్వాత మాకు స్పష్టంగా వినిపించిన మాట అది.

సుజాత అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసింది. నేను మాత్రం నాన్నను పడుకోబెట్టి వచ్చి ఆట మళ్ళీ మొదలుపెట్టాను. హారన్ కొట్టకుండా పోయాను, ఆగింది. హారన్ కొట్టాను, వదిలింది. అన్ని పరీక్షల్లో నాకు హారన్ కొట్టి చూడాలని తట్టనే లేదు. ఎదురుగా పురుగు కూడా లేని రోడ్డు మీద హారన్ ఎవరు కొడతారు?

నాన్నతో చాలాకాలం కండక్టరుగా చేసిన వెంకన్న బాబాయ్ కొత్తగూడెంలో ఉంటాడు. ఫోన్ చేశాను. మలుపు గుర్తులు చెప్పి, అక్కడేముందని అడిగాను. నవ్వాడు.

"మైసమ్మ మలుపురా! ఆడ హారన్ కొట్టకుండ ఏ డ్రైవరూ పోడు. మీ నాయిన కొట్టకపోతే నేను బస్సు కదలనిస్తనా?"

"నాయిన చర్చి మనిషి గదా బాబాయ్?"

"గదే నేనూ అన్న. ఏందన్నా, నువ్వు గూడ మొక్కుతున్నవా అంటే, మొక్కుడు కాదురా, ఆడ మొక్కనొచ్చినోళ్ళు సడన్‌గ రోడ్డు మీదికొస్తరు, పానాలు ముఖ్యం గదా అనెటోడు. మరి ఎవ్వలు లేని రోజు గూడ కొట్టెటోడే! అడిగితే మాట దాటేసెటోడు." ఇంకా నవ్వి, "ఇంట్ల చెప్పకురా అన్నడు. నీకిప్పుడు చెప్పిన. తిడితే నన్నే తిడతడు" అన్నాడు.

మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. నేను చిన్నప్పుడు ఆ బస్సులో పోయాను గానీ, అన్ని హారన్లలో అదొకటి అనుకుని ఉంటాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మైసమ్మ రాయిని చెట్ల లోపలికి జరిపారట. మ్యాపులో దాని గుర్తు లేదు. మళ్ళీ వెతికాను, లేదు.

అక్కడితో ఊరుకునే మనిషిని కాదు. ఆఫీసు పని మీద కారులో భద్రాచలం పోవలసి వచ్చినప్పుడు, చుట్టుదారైనా చండ్రుగొండ మీదుగా వెళ్ళి, ఆ మలుపులో కావాలనే హారన్ కొట్టకుండా పోయాను. చేతులు స్టీరింగ్ కింద భాగంలో పెట్టుకుని, చూద్దాం ఏమవుతుందో అని పోయాను. ఏమీ కాలేదు. కారు మామూలుగా దాటింది. తిరుగు ప్రయాణంలో ఆగి లోపలికి నడిచి చూశాను. పసుపు రాసిన రాయి, ఎండిన నిమ్మకాయలు. ఒక కోడి నన్ను చూసి పక్కకు తప్పుకుంది. అంతే.

అసలైన రోడ్డు మీద ఏమీ లేదు. నేను చేసిన రోడ్డు మీద, నా ఇంట్లో, తుక్కు అన్న ఆ ఒక్క కంప్యూటరులోనే ఉంది. దాన్ని దయ్యం అననూ అనను, దేవత అననూ అనను. ఆటలో తప్పు అందామంటే, హారన్ వినిపించుకునే తప్పు ఏ ప్రోగ్రాములో ఉంటుంది? కిరణ్‌ను అడిగాను. మొదటిసారి అతను జోకు వెయ్యలేదు.

ఈమధ్య ఆటకు కొత్త వెర్షన్ వచ్చింది. బ్రేకులకు సంబంధించిన లోపాలు సరిచేశామని వార్తలో రాశారు. ఒక్క అప్‌డేట్ ఆలస్యమైతే ప్రపంచమంతా వినేలా గొడవపెట్టే నేను, తెర మీద ఆ సందేశం వచ్చినప్పుడల్లా "తర్వాత" అని నొక్కుతున్నాను. నా ఫిర్యాదు ఇప్పటికీ మూసే ఉంది. "మా దగ్గర ఆగలేదు" అన్న ఆయన మాట అబద్ధం కాకపోవచ్చు. నా దగ్గర మాత్రం రోజూ ఆగుతోంది. ఎందుకో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను, కానీ ముందు నేను రాసింది పూర్తిగా చదివి చెప్పాలి.

నాన్న వేళ్ళు కొద్దికొద్దిగా విచ్చుకుంటున్నాయని ఫిజియోథెరపీ అమ్మాయి అంటోంది. ఈ మధ్య ఆయన మలుపు వచ్చేదాకా ఆగడం లేదు. చండ్రుగొండ దాటగానే కుడి చేతిని తీసి, ముందుగానే స్టీరింగ్ మీద పెట్టుకుంటున్నాడు.