వాలు అక్షరాల పేరు

రాష్ట్రం వచ్చిన కొత్తలో హాలియాలో ఫ్లెక్సీల దుకాణం పెట్టాను. అప్పటి నుంచి నన్ను పోషిస్తున్నది ఒకే రకం అక్షరం. లావుగా, కుడివైపుకు వాలి, ఎక్కడా సన్నబడకుండా అంతటా ఒకే మందంతో ఉంటుంది. పసుపు రంగు నింపి చుట్టూ నల్లగీత కొడితే బస్సులో పోయేవాడికి కూడా కనబడి తీరుతుంది. "అన్నా, మా లీడర్ పేరు గా ఉరుకుతున్న అక్షరాలల్ల కొట్టు" అంటారు. గల్లీకొక లీడర్, లీడర్‌కొక పుట్టినరోజు. పేర్లు ఉరుకుతూనే ఉన్నాయి, లీడర్లే ఎక్కడివాళ్లక్కడ ఉన్నారు.

చనిపోయినవాళ్లకు మాత్రం ఆ అక్షరం వాడం. సన్నటి, నిటారు అక్షరం వేస్తాం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, మా బజారులో దుకాణాలన్నీ పాటిస్తాయి. పాత ఫైల్ తెరిచి, అదే ఫొటో ఉంచి, అక్షరం మారుస్తాం. ఐదు నిమిషాల పని.

పక్క ఊరి అమ్మాయికి కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే వాడకట్టు వాళ్లు నా దగ్గరే వాలు అక్షరాల్లో అభినందనల ఫ్లెక్సీ వేయించి చర్చి గోడకు కట్టారు. తల్లి నాట్లకు పోయే కూలి, చదువు రాదు. రోజూ ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి బిడ్డ పేరు ఆకారం గుర్తుపట్టడం నేర్చుకుందట. ఆమెకు తెలిసిన రాత అదొక్కటే. ఏడాది తిరగకముందే ఆ పిల్ల రోడ్డు ప్రమాదంలో పోయింది.

చనిపోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడికకు కట్టే ఫ్లెక్సీ కోసం తన తమ్ముడితో పాటు ఆ తల్లి కూడా వచ్చింది. కొట్టి ఉంచిన ఫ్లెక్సీని నేల మీద పరిచాను. ఫొటో చూసింది, తర్వాత అంతా వెతికింది.

"పేరేది కొడుకా?"

"గిదే పెద్దమ్మా, ఫొటో కింద."

"కాదు. నా బిడ్డ పేరు గిట్లుండది."

నాకు సంగతి అర్థమైంది. మార్చి ఇవ్వవచ్చు. కానీ లీడర్ మనుషులు నెత్తిమీద నిలబడి తొందర పెడుతున్నారు, నాకేమో ముక్కు మీద కోపం. "అక్షరాలు గవే పెద్దమ్మా. సచ్చిపోయినోళ్లకు గట్ల కొట్టరు" అనేశాను.

ఆమె ఏడవలేదు. "పేరు గూడ తీసేసిండ్రా?" అని తమ్ముణ్ని అడిగింది. అతను ఫ్లెక్సీ చుట్టుకుని ఆమెను తీసుకుపోయాడు.

ఆ తర్వాత వాలు అక్షరాల్లో ఎవరి పేరు కొట్టినా నాకు ఆ ప్రశ్నే వినబడింది. సాగర్ రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా ఫ్లెక్సీలు నన్నే అడుగుతున్నట్టు ఉండేవి. తల వంచుకుని బండి నడిపేవాణ్ని. నిజంగా భయం వేసేది.

ఆరు నెలలు తట్టుకున్నాను. చివరికి ఆ ఒక్క పేరే వాలు అక్షరాల్లో కొట్టి ఆ ఊరికి తీసుకుపోయాను. ఆ తల్లి బిడ్డ సమాధి దగ్గర గడ్డి పీకుతోంది. రాయి మీద పేరు నిటారుగా చెక్కి ఉంది. చెక్కేవాళ్లకు నా ఫైలే ఇచ్చారట.

నేను తెచ్చింది విప్పి చూపించాను. చాలాసేపు చూసింది. "నౌకరి అచ్చినప్పటి పేరు గిది" అంది, ముట్టుకోలేదు. తప్పైపోయిందని, రాయి మీద కూడా ఇలాగే చెక్కిస్తానని చెప్పాను.

ఆమె రాతిలోని మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. చివరిదాకా ఎక్కడా తడబడకుండా దిద్దింది.

"దినాం దిద్ది దిద్ది గిది గూడ నేర్సుకున్న కొడుకా. ఇగ దీన్ని మార్సకు."