లైన్లో ఇంకా నలుగురున్నారు

మా అమ్మ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్‌గా పనిచేసింది. ఊరందరి గుట్టూ ఆవిడ చెవిన పడింది, ఒక్కటీ నోరు దాటలేదు. ఆవిడ కడుపున నాలాంటి వాగుడుకాయ ఎలా పుట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు.

రిటైరయ్యాక మా ఇంటికొచ్చి కంప్యూటర్ నేర్చుకుంది. పెళ్లయిన కొత్తలో నాన్నతో చూసిన సినిమా ఎక్కడా దొరక్కపోతే, ఇంటర్నెట్లో జనం ఒకరికొకరు ఫైళ్లు పంచుకునే చోట పట్టుకుంది. చూసింది, ఏడ్చింది. అక్కడితో ఆపేస్తే ఏ గొడవా లేకపోయేది. కానీ మన దగ్గర్నుంచి ఆ సినిమాని ఇంకా పన్నెండు మంది తీసుకుంటున్నారని తెరమీద కనబడింది. అవతల మనిషి ఉండగా లైను తీసెయ్యడం ఆవిడ ఎరగదు. పదకొండు రోజులైనా కంప్యూటర్ ఆపలేదు.

పన్నెండో రోజు, ఆ సినిమా హక్కులున్న కంపెనీ నుంచి మా ఆయన పేర నోటీసొచ్చింది. కనెక్షన్ ఆయనది మరి. ఏ ఫైలు, ఏ రోజు, ఎన్ని గంటలకి, అన్నీ రాసున్నాయి. ఆయన కోర్టులో గుమాస్తా. కేసైతే ఉద్యోగానికే ఎసరు.

"మన లైను విన్నదెవరు బాబూ?" అంది అమ్మ, కోపంగా.

"చూసినందుకు కాదత్తయ్యా, పంచినందుకు పట్టుకున్నారు."

"అడిగినవాళ్లకి ఇవ్వడం కూడా తప్పేనా?"

"మనది కానిది ఇస్తే తప్పే కదండీ."

అమ్మ ముఖం చిన్నబోయింది. ఆయన మాటలో న్యాయముంది, కాదనను. అయినా నాకు ఒళ్లు మండిపోయింది.

నోటీసుతో వచ్చిన జవాబు కాగితంలో మొదటి గడి, చేసిందెవరని. "నా పేరు రాయండి" అంది అమ్మ. రెండో గడిలో, మీ దగ్గర తీసుకున్నవాళ్ల కంప్యూటర్ నంబర్లిస్తే మీ మీద ఫిర్యాదు వదిలేస్తామని ఉంది. ఆ నంబర్లన్నీ తెరమీదే ఉన్నాయి.

మా ఆయన కలం పట్టుకుని అటు తిరిగాడు. అమ్మ తెరకి అడ్డంగా నిలబడింది.

"ఈ వయసులో కోర్టు మెట్లెక్కుతారా అత్తయ్యా?"

"ఎక్కుతాను. ఎవరు ఎవరితో మాట్లాడారో నేను ఏనాడూ చెప్పలేదు బాబూ. ఇప్పుడూ చెప్పను."

ఆ గడి ఖాళీగానే వదిలేశాం. అమ్మ సంతకం చేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంకా నలుగురు తీసుకుంటున్నారు.

"క్షమించండి, లైను తీసేస్తున్నాను" అంది వాళ్లతో, ఎక్స్ఛేంజీ గొంతుతో. తర్వాత మీట నొక్కింది.