పాము బొమ్మకు పద్నాలుగు బొటనవేళ్లు

నాగోల్‌లో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సుందరయ్య భార్య ఎస్తేరమ్మకు చదువు రాదు. అయినా సెల్లార్‌లోని తన గదిలో కూరలు వండి, ఇరవై నాలుగు ఫ్లాట్లకూ వాట్సాప్‌లో అమ్ముతుంది. ఎట్లాగంటే, బొమ్మలతో.

రోజూ పదింటికి గ్రూపులో ఆ పూట కూర బొమ్మ పెడుతుంది. వంకాయకూ బంగాళాదుంపకూ బొమ్మలున్నాయి. ఫోన్లు తయారుచేసే మహానుభావులు కాకరకాయ మొహం చూసి ఎరగరు కాబట్టి దానికి మొసలిని పెట్టింది. ఒళ్లంతా గరుకే కదా. బెండకాయకు చూపుడువేలు. పొట్లకాయకు పాము. మొదటి వారం మేమంతా నవ్వాం. రెండో వారానికి మొసలిని చూస్తేనే నోరూరడం మొదలైంది.

ఆమె చదవలేదు గనక జవాబులూ బొమ్మలే. ఒక బొటనవేలంటే ఒక ప్యాకెట్. ఏడుపు మొహమంటే కారం ఎక్కువని. జోడించిన చేతులంటే నమస్కారం కాదు, 'నీకో దండం, ఈ పూటకు నన్నొదిలెయ్' అని. ఈ చివరిది మా సెక్రటరీ త్రినాథరావు గారు తెచ్చిన అర్థం. ఆయనకు కాకరకాయ పడదు.

నిజానికి ఆయనకు ఈ బొమ్మల వ్యవహారమే పడదు. "పొట్లకాయ అని రాయడం ఎంతసేపమ్మా? నేర్చుకో. అపార్ట్‌మెంట్ పరువేం కావాలి?" అని ఒక పలక కొనిచ్చారు. ఎస్తేరమ్మ "మంచిది సార్" అని తీసుకుని పప్పు గిన్నె మీద మూతగా పెట్టింది.

మొన్న శనివారం పదింటప్పుడు సుందరయ్య కూరగాయలకని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. ఎస్తేరమ్మ గదిలో ఉల్లిపాయలు తరుగుతోంది. మూసీ వైపు నుంచి వచ్చిందో ఏమో, ఒక నాగుపాము గుమ్మంలో పడగ విప్పింది. ఆమె పొయ్యి గట్టెక్కి "యేసయ్యా" అని అరిచింది. పక్క స్థలంలో బోరు వేస్తున్నారు. ఆ మోతలో యేసయ్యకు వినపడిందేమో గానీ మాకు వినపడలేదు. ఫోన్ చేద్దామంటే రీచార్జి అయిపోయింది. పై ఫ్లాట్ వైఫై మాత్రం వస్తోంది. మాట రికార్డు చేసి పంపినా ఆ బోరు మోతే వినపడుతుంది.

గ్రూపులో పాము బొమ్మ పంపింది.

పద్నాలుగు బొటనవేళ్లు వచ్చాయి.

ఏడుపు మొహం పంపింది. ఇవాళ కారం ఎక్కువైందన్నమాట అనుకున్నాం. మూడో అంతస్తు బిందుమాధవి గారు, మంటకు పాలున్నాయి, పర్వాలేదన్నట్టు పాలగ్లాసు బొమ్మ పెట్టారు. ఎస్తేరమ్మ జోడించిన చేతులు పంపింది. ఇక ఆర్డర్లు చాలంటోందని కంగారుపడి, అప్పటిదాకా ఊరుకున్నవాళ్లు కూడా బొటనవేళ్లు గుమ్మరించారు. పాము ఒక మూర ముందుకు జరిగింది. చివరికి ఆమె పరుగెత్తే మనిషిని పంపింది. ఆ బొమ్మ మా గ్రూపులో అంతకుముందెప్పుడూ రాలేదు. కూర అయిపోతోంది, పరుగెత్తండి అని అర్థం చేసుకున్నాం.

పరుగెత్తాం. గిన్నెలూ డబ్బాలూ పట్టుకుని, మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ దిగాం. అందరికన్నా ముందు త్రినాథరావు గారే. గది గుమ్మంలో ఆయన ఠక్కున ఆగిపోతే వెనకున్న మేమంతా ఆయన మీద పడ్డాం. గిన్నెలన్నీ ఒక్కసారే నేలకు తగిలాయి. ఆ అదురుకు పాము బెదిరిపోయి, నీళ్లు పోయే తూములోంచి బయటికి జారుకుంది.

ఎస్తేరమ్మ గట్టు దిగి కూలబడి ఏడ్చింది. ఆమె మొహం చూడ్డానికి నాకు సిగ్గేసింది. ఆమె పావుగంటసేపు చావును ఎదురుగా పెట్టుకుని నిలబడితే, నేను పైన కూర్చుని కూరలోకి పెరుగు ఉందా లేదా అని చూసుకుంటున్నాను.

త్రినాథరావు గారికి ఊపిరి అందగానే పప్పు గిన్నె మీద పలక కనబడింది.

"చూశావా? ముందే చెప్పానా లేదా? పాము అని రెండక్షరాలు రాసుంటే ఈ గోలంతా ఉండేదా?"

ఎస్తేరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పామని రాస్తే మీరొస్తుంటిరా సార్? తలుపులేసుకొని పైననే కూసుందురు. పొట్లకాయ అనుకున్నరు గాబట్టే ఉరికొచ్చిండ్రు."

నేను ఫోన్ తీసి చూసుకున్నాను. పాము బొమ్మ కింద నావి రెండు బొటనవేళ్లు ఉన్నాయి. తీసేద్దామని చూశాను, ఎలాగో తెలియలేదు.